ముఖాలు గుర్తుండని సత్యవేణమ్మ

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్నపిల్లల బడి గేటు దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్న సత్యవేణమ్మకి ఒక్క మనిషి ముఖం కూడా గుర్తుండదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆవిడ ఉద్యోగమే అది. పన్నెండున్నరకి గంట కొట్టగానే నూట నలభై మంది పిల్లల్ని ఎవరి మనిషికి వాళ్ళని అప్పజెప్పాలి. బయట తల్లులు, తండ్రులు, తాతలు, పనిమనుషులు, రిక్షావాళ్ళు గుంపుగా ఉంటారు. ఒక్క పిల్ల చెయ్యి తప్పి పరాయి చేతిలో పడితే ఆ ఇంటి దీపం ఆరిపోయినట్టే. ఇరవై రెండేళ్ళలో అలా ఒక్కసారి కూడా జరగలేదు.

ఆవిడ కళ్ళకేమీ జబ్బు లేదు. అరవైకి దగ్గర పడుతున్నా సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. ఎదుటి మనిషి కళ్ళు, ముక్కు, బుగ్గ మీద పుట్టుమచ్చ అన్నీ చక్కగానే కనిపిస్తాయి. ఆ మనిషి అటు తిరిగేసరికి మాత్రం పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు ఏమీ మిగలదు. మళ్ళీ ఇటు తిరిగితే కొత్త మనిషి. పెళ్ళి ఫోటోలో తనెవరో కూడా బాసికం చూసి చెప్పాల్సిందే.

లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది సత్యవేణి. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన స్నేహితులు, పక్కింటివాళ్ళు, వరసకి మేనమామలు దారిలో ఎదురైతే ఈ పిల్ల చూసీ చూడనట్టు పోయేది. వాళ్ళు ఇంటికొచ్చి, "మీ గుంటకి పొగరు బాగా ఉందమ్మా" అని చెప్పిపోయేవారు. తల్లి జగ్గమ్మ అట్లకాడ పట్టుకుని, "కళ్ళు నెత్తికెక్కినాయేటే నీకు?" అని వాయించేది. దెబ్బలు తిని తిని ఆ పిల్ల పదేళ్ళ వయసులో ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవరు ఎవరో తేల్చుకునే బాధ ఎందుకు, అందరికీ నమస్కారం పెట్టేస్తే పోతుంది కదా. ఆ రోజు నుంచి చేపలమ్మే మనిషికీ, స్టేషన్ మాస్టరుకీ ఒకటే నమస్కారం. ఆరు నెలల్లో జగ్గమ్మ కూతురంత మర్యాదస్తురాలు క్వార్టర్స్‌లో లేదని పేరొచ్చింది.

కలకత్తా ఆవిడ కోసమే కట్టినట్టుండేది. ఇక్కడ పేర్లతో పనేముంది? మీసం ఉంటే దాదా, జడ ఉంటే దీదీ. తెలుగువాళ్ళు ఎదురైతే బాబూ, అమ్మా. పేరు తెలియకపోయినా జీవితమంతా నడిచిపోతుంది. దుర్గా పూజల్లో పందిరి పందిరికీ తిరుగుతూ, "ఈ ఊళ్ళో నాను చూడగానే పోల్చుకోగలిగింది దుర్గమ్మ ఒక్కర్తినే, పది చేతులుండబట్టి" అనుకుని తనలో తనే నవ్వుకునేది.

చిక్కల్లా పెళ్ళయ్యాక వచ్చింది. భర్త శేషయ్యది ఓడరేవు డాక్‌లో పని. పెళ్ళైన రెండో వారం సత్యవేణి కారియర్ పట్టుకుని డాక్ గేటు దగ్గరికి వెళ్ళింది. షిఫ్టు వదిలారు. మూడువందల మంది, అందరివీ ఒకటే ఖాకీ చొక్కాలు. మొగుణ్ణి పేరుపెట్టి పిలవకూడదాయె. సన్నగా పొడుగ్గా ఉన్న ఒకాయన్ని చూసి, "ఏవండీ" అని కారియర్ చేతిలో పెట్టింది. ఆ బీహారీ మనిషి బిత్తరపోయి నిలబడ్డాడు. ఐదడుగుల వెనక శేషయ్య అంతా చూశాడు. ఇంటికొచ్చాక మెల్లగా అడిగితే ఆవిడ ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. అంతా విని ఆయన, "అయితే నాను అందగాణ్ణో కానో నీకు తెల్దన్నమాట. మంచిదేలే" అన్నాడు. మర్నాటి నుంచి మెడలో ఎర్ర గంఛా తువ్వాలు లేకుండా బయటికి వెళ్ళలేదు. ఈ గుట్టు ఒక్కరికి కూడా చెప్పలేదు. ఆరేళ్ళ కింద ఆయన పోయాడు. దాంతో ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరు లేకుండా పోయారు.

ఇంతకీ ఆ గేటు ఉద్యోగం ఎలా వచ్చిందనుకున్నారు? దారినపోయే ప్రతివాళ్ళనీ నోరారా పలకరించే మనిషి కదా, ఊరంతా తెలిసే ఉంటుందని పాత హెడ్‌మిస్ట్రెస్ పిలిచి మరీ ఇచ్చింది.

ఆ పలకరింపులోనే ఉంది ఆవిడ విద్య. "ఏటి బాబూ, అన్నం తిన్నావా?" అంటుంది. "కీ దీదీ, భాలో?" అని బెంగాలీలో కులాసా అడుగుతుంది. జవాబు ఏమిటన్నది ఆవిడకి అక్కర్లేదు, గొంతు వినపడితే చాలు. గొంతు వినగానే మనిషి తెలుస్తుంది. మాట్లాడనివాళ్ళయితే నడక ఉంది. ఒకాయన ఎడమకాలి చెప్పు ఈడుస్తాడు. ఒకావిడ గాజులు మోచేతి దాకా ఉంటాయి, ఇంకొకావిడ మల్లెనూనె వాసన సందు మలుపులోనే వస్తుంది. వీటన్నిటికంటే పెద్ద ఆధారం పిల్ల చెయ్యి. తన మనిషి వచ్చినప్పుడు చెయ్యి ముందు పోతుంది, పిల్ల వెనక పోతుంది. పరాయి మనిషయితే పిల్ల ముందుకు నడుస్తుంది, చెయ్యి మాత్రం వెనకే ఉండిపోతుంది. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. రోజుకి నూట నలభై చేతులు చూసి చూసి తెలుసుకున్నది.

కరోనా తర్వాత బడి తెరిచినప్పుడు ఊరంతా మాస్కులు. టీచర్లకి ఎవరు ఎవరో అంతుపట్టలేదు. ఒక మిస్ ఒక పిల్లవాణ్ణి వాళ్ళ పిన్ని అనుకుని పక్కింటావిడకి ఇవ్వబోయింది. ఇంకో మిస్ రోజూ చూసే తండ్రినే నువ్వెవరని నిలదీసింది. సత్యవేణమ్మకి మాత్రం ఏ తేడా లేదు. ముఖం ఉన్నప్పుడూ ఆవిడకి పనికిరాలేదు, మూసేసినప్పుడూ పనికిరాలేదు. కొన్నాళ్ళపాటు ఊరు ఊరంతా తనలాగే అయిపోయిందని ఆవిడకి తెలుసు, కానీ ఎవరితో చెప్పుకుంటుంది? "ముక్కూ మూతీ మూసుకున్నా సత్యవేణి మాసీ ఇట్టే పోల్చేస్తుంది" అని బడంతా చెప్పుకుంది. మాసీ అంటే బెంగాలీలో పిన్ని. నిరుడు టీచర్ల దినోత్సవం నాడు శాలువా కూడా కప్పారు.

ఆ శాలువాయే మెడకి చుట్టుకుంది. కొత్త హెడ్‌మిస్ట్రెస్ లక్ష్మీసౌజన్యగారు విజయవాడ మనిషి. భర్త బ్యాంకు ఆఫీసరు, బదిలీ మీద ఇక్కడికి వచ్చారు. పద్ధతి అంటే ప్రాణం ఆవిడకి. పిల్లల్ని తీసుకెళ్ళే ప్రతివాళ్ళకీ ఫోటో కార్డు ఉండాలన్నారు. కార్డులో ముఖం, ఎదురుగా ఉన్న ముఖం సరిపోలితేనే పిల్లని పంపాలి. ఆ సరిచూసే పని ఎవరిది? "ఇంకెవరిది సత్యవేణిగారూ, మీకున్న కన్ను ఈ బడిలో ఎవరికుంది?" అని నవ్వుతూ చెప్పారు.

అడకత్తెరలో పోకచెక్క అయింది సత్యవేణమ్మ పని. నిజం చెబితే ముఖాలు తెలియని మనిషిని గేటు దగ్గర ఎవరుంచుతారు? చెప్పకపోతే రోజూ దొంగవేషమే. మొగుడు పోయాక ఆవిడ రోజులో వెలుతురున్నది ఆ పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకానే. అందుకని తలూపేసింది. నాలుగు నెలలు కార్డు చేతిలోకి తీసుకుని, ఒకసారి కిందకీ ఒకసారి పైకీ చూసి, "ఊఁ" అనేది. చూసేది మాత్రం పిల్ల చేతినే. ఇంటికెళ్ళాక అన్నం సయించేది కాదు. ఏదో ఒక రోజు ఈ కార్డు తనని పట్టిస్తుందని ఆవిడకి తెలుసు.

ఆగస్టులో ఒక గురువారం. పొద్దుటినుంచి వాన. గొడుగుల వెనక ఎవరూ ఎవరికీ కనిపించడం లేదు. ఒక మనిషి గేటు దగ్గరికి వచ్చి కార్డు చూపించాడు. "మౌక్తిక వాళ్ళ నాన్నని. నిన్ననే ఓడ దిగాను" అన్నాడు.

మౌక్తిక నాలుగేళ్ళ పిల్ల. ఏప్రిల్‌లోనే బడిలో చేరింది. తండ్రి హరిచరణ్ సరుకు ఓడలో పనిచేస్తాడు, వెళ్ళి ఏడు నెలలైంది. గేటు దగ్గర ఆయన్ని ఎవరూ చూడలేదు. రోజూ తల్లి సాయిసుధే వస్తుంది. ఇప్పుడు తండ్రి వచ్చాడనగానే క్లాసు టీచరు పారమిత మిస్ లోపల్నించి పిల్లని తీసుకుని సంబరంగా వచ్చింది. కార్డులో ఫోటోకీ మనిషికీ చూసింది. "ఏకదమ్ ఫోటోయే నడిచొచ్చినట్టుంది మాసీ" అంది బెంగాలీలో.

"ఏటి బాబూ, భోంచేసినావా?" అడిగింది సత్యవేణమ్మ.

"అయిందమ్మా" అన్నాడతను. కొత్త గొంతు. దానివల్ల ఏమీ తేలలేదు.

ఆవిడ పిల్లవైపు చూసింది. మౌక్తిక రెండడుగులు ముందుకొచ్చింది. రెండు చేతులూ బ్యాగు పట్టీలని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అతను చెయ్యి చాపితే ఒక్క పట్టీ వదిలి రెండు వేళ్ళు అందించింది. అందించి తలెత్తి మిస్ వైపు చూసింది.

సత్యవేణమ్మ తీసిన గడియ మళ్ళీ వేసేసింది. "కాసేపు ఆగు బాబూ. వాళ్ళమ్మని రానీ" అంది.

అతని ముఖంలో ఏం కదిలిందో ఆవిడకి తెలియదు కానీ, గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారడం చూసింది. వెనక తడుస్తున్న తల్లులు విసుక్కున్నారు. పారమితకి కోపం వచ్చింది. గొడవ విని లక్ష్మీసౌజన్యగారు బయటికి వచ్చారు. ఆవిడ కూడా కార్డు చూశారు, మనిషిని చూశారు. అదే నుదురు, అవే కళ్ళు, అదే గడ్డం నొక్కు.

"సరిపోయింది కదా సత్యవేణిగారూ. ఇంకా ఏమిటి అనుమానం?"

"ఫోటో సంగతి నాకు తెల్దమ్మా" అంది సత్యవేణమ్మ.

"అంటే?"

ఒక్క క్షణం ఆవిడ గేటు కమ్మీ పట్టుకుంది. యాభై ఏళ్ళ గుట్టు అది. "నా కంటికి ముఖాలు ఆనవమ్మా. చిన్నప్పటినుంచీ అంతే. మిమ్మల్ని కూడా మీ కళ్ళజోడు తాడు చూసే పోల్చుకుంటాను. ఈ నాలుగు నెల్లూ కార్డులు చూసినట్టు నటించినాను. తప్పే. కానీ ఈ పిల్లని మాత్రం నాను పంపను."

ముందు వరసలో ఉన్న ఒకావిడ, అప్పుడే గేటు దాటించిన కొడుకుని గబుక్కున దగ్గరికి లాక్కుంది. ఆ లాక్కోవడం సత్యవేణమ్మ చూసింది.

"ముఖమే తెలియనప్పుడు ఇతను తండ్రి కాదని ఎలా చెబుతున్నారు?" అడిగారు లక్ష్మీసౌజన్యగారు. గొంతులో కోపం కంటే దిగ్భ్రమే ఎక్కువగా ఉంది.

"ఏడు నెలలకి నాన్న సముద్రం మీంచి దిగొస్తే గుంట ఇలగ నిలబడతాదేటమ్మా? రెండు వేళ్ళు ఇచ్చి ఊరుకుంటాదా?"

"సిగ్గుపడుతోంది, అంతే" అంది పారమిత. "లోపల నేను అడిగాను కదా, ఎవరొచ్చారో చూడమని. కిటికీలోంచి చూసి తనే చెప్పింది, బాబా అని."

బెంగాలీలో బాబా అంటే నాన్న. ఇంక వాదించడానికి ఏముంది? సత్యవేణమ్మ మోకాళ్ళ మీద తడి నేలమీద కూచుంది. పిల్ల తలమీద చెయ్యి వేసి తెలుగులో అడిగింది. "ఏటన్నావమ్మా మిస్‌తోటి? ఎవలొచ్చినారని?"

"బాబాయ్" అంది మౌక్తిక.

"అదే కదా నేను చెబుతున్నది, బాబా" అంది పారమిత.

లక్ష్మీసౌజన్యగారు మాత్రం ఠక్కున తలెత్తి అతని వైపు చూశారు. ఒక్క "య్" ఎంత పని చేసిందో ఆవిడకి అర్థమైంది. తెలుగు పిల్ల చక్కగా నిజమే చెప్పింది. బెంగాలీ చెవికి ఆ చివరి అక్షరం ఆనలేదు. అంతసేపూ తండ్రిదే అనిపించిన ఆ ముఖం ఇప్పుడు చూస్తే కాస్త కుర్రగా, పెదవి దగ్గర వేరుగా ఉంది. కార్డు చూసి తండ్రి అనుకున్నారు కాబట్టి తండ్రే కనిపించాడు. చూడాలనుకున్నది చూపించడంలో కళ్ళని మించిన మాయగాళ్ళు లేరు.

అతని పేరు ప్రజ్వల్. హరిచరణ్‌కి ఏడాది చిన్న తమ్ముడు. చెడ్డవాడేమీ కాదు. పలాసలో తల్లి మహాలక్ష్మమ్మ మంచాన పడి మనవరాలిని చూడాలని కలవరిస్తోంది. హరిచరణ్ ఓడ దిగేదాకా పిల్లని పంపనని వదిన తెగేసి చెప్పింది. అందుకని అలమారలోంచి అన్న కార్డు తీసుకుని వచ్చాడు. జేబులో హౌరా నుంచి మధ్యాహ్నం బండికి టికెట్లున్నాయి. రెండు రోజుల్లో తీసుకొచ్చేద్దామనుకున్నానని తల దించుకుని చెప్పాడు. ఆ రెండు రోజులూ తన పిల్ల ఏమైందో తెలియని తల్లికి ఎలా గడుస్తాయో అతనికి తోచలేదు పాపం. వానకి ఆలస్యమై, దారిలో కబురందుకుని పరిగెత్తుకొచ్చింది సాయిసుధ. బడి మెట్టు మీద కూలబడి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, సత్యవేణమ్మ కొంగు పట్టుకుని ఏడ్చింది.

అయినా లక్ష్మీసౌజన్యగారు, "మీరు ఇంటికెళ్ళండి. రేపు మాట్లాడదాం" అనే అన్నారు.

మర్నాడు సత్యవేణమ్మ గేటు తాళంచెవి కొంగున కట్టుకుని, అప్పజెప్పేద్దామని వెళ్ళింది. ఆఫీసు గదిలో టీచర్లందరూ ఉన్నారు. బల్లమీద వాళ్ళ ఫోటోలే తలకిందులుగా పరిచి ఉన్నాయి. ఎవరిది ఏదో చెప్పమంటున్నారు హెడ్‌మిస్ట్రెస్. రోజూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు ఒకరికొకరు అంతుచిక్కక తడుముకుంటున్నారు. పారమిత తన ఫోటోనే ఇంకొకరిదంది. చివర్న తలకిందులుగానే ఉన్న ఇంకొక ఫోటో పెట్టారు. అది హెడ్‌మిస్ట్రెస్‌గారిదని చీర చూసి అందరూ చెప్పారు. బాగానే ఉందన్నారు. దాన్ని నిటారుగా తిప్పేసరికి ఇద్దరు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. కళ్ళూ నోరూ కత్తిరించి తిరగేసి అతికించారు ఆవిడ. తలకిందులుగా ఉన్నంతసేపూ ఎవరికీ తేడా తెలియలేదు. నిటారుగా చూస్తే రాక్షసిలా ఉంది.

"మీకెలా ఉంది?" అని సత్యవేణమ్మని అడిగారు.

"నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకలాగే ఉందమ్మా."

లక్ష్మీసౌజన్యగారు నవ్వలేదు. "చూశారుగా. ఫోటో తిరగేస్తే మనం ఐదు నిమిషాల్లో చేతులెత్తేశాం. ఈవిడ పుట్టినప్పటినుంచీ అలాంటి లోకంలోనే ఉండి, మన పిల్లల్ని ఇరవై రెండేళ్ళు ఇళ్ళకి చేర్చింది. నేనైతే మొదటిరోజే ఉద్యోగం మానేసేదాన్ని" అన్నారు టీచర్లతో. తర్వాత ఇటు తిరిగి, "నాలుగు నెలలు నాకు అబద్ధం చెప్పారు. అది నాకు నచ్చలేదు. ఇకనుంచి కార్డు పారమిత చూస్తుంది, పిల్లని మీరు చూడండి. ఇద్దరూ సరేనంటేనే గేటు తెరవాలి" అన్నారు. సత్యవేణమ్మ చేతిలోకి విప్పుకున్న తాళంచెవి మళ్ళీ కొంగున ముడేసుకుంది. ముడి రెండుసార్లు జారిపోయింది.

తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు ఆవిణ్ణి గేటు నుంచి తీసెయ్యాలని అర్జీ పెట్టారు. మిగిలినవాళ్ళు ప్రేమతో చంపడం మొదలుపెట్టారు. చెవిటి మనిషికి చెప్పినట్టు గేటు దగ్గరికి రాగానే, "మాసీ, నేను బన్నీ వాళ్ళ అమ్మని" అని కేక. "నేను నీరజ వాళ్ళ తాతని" అని ఇంకో కేక. వారం రోజులు ఓర్చుకుంది. ఎనిమిదో రోజు, "తెలుసు లేమ్మా. సందు మలుపు తిరిగినప్పుడే తెలుసు. గొంతు అరిగిపోయీలా అరవకండి" అని కసురుకుంది. వాళ్ళు నవ్వుకుని, మానేశారు.

దుర్గాపూజ సెలవులకి ముందు శనివారం, పన్నెండున్నర. గేటు బయట ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. కార్డు తీశాడు. అదే నుదురు, అవే కళ్ళు, అదే గడ్డం నొక్కు. గుంపులోంచి ఒకాయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పారమిత కార్డు అందుకుని, చూసి, మళ్ళీ చూసి, పెదాలు తడుపుకుంది. ఒకసారి మోసపోయిన కళ్ళని ఇంకోసారి ఎలా నమ్ముతుంది? "ఉండండి. వాళ్ళమ్మగారికి ఫోన్ చేస్తాను" అంది.

"చెయ్యండి, పరవాలేదు" అన్నాడతను. సంగతి తెలిసినట్టే ఉంది. కానీ ఇంతమంది ముందు తన పిల్లకి తను తండ్రినని నిరూపించుకోవాల్సి వచ్చిన మనిషి గొంతులా ఉంది అది.

అంతలో లోపల వరండాలోంచి బ్యాగు కిందపడ్డ చప్పుడైంది. నీళ్ళసీసా మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చింది. వరస తెంపుకుని, ఒక కాలికి బూటు లేకుండా, అడ్డం వచ్చిన పిల్లల్ని తోసుకుంటూ మౌక్తిక పరిగెత్తుకొస్తోంది.

పారమిత ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. సత్యవేణమ్మ ఆమె చేతిమీద చెయ్యి వేసి, "సూడమ్మా" అంది. పారమిత చూసింది. ఫోన్ దించి తలూపింది. సత్యవేణమ్మ గేటు బార్లా తెరిచి పక్కకి తప్పుకుంది. పిల్ల ఆ ఊపుకి తండ్రి నడుం దాకా ఎగిరింది.

హరిచరణ్ ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు నన్నెప్పుడూ చూడలేదు కదమ్మా. అందరూ అనుమానపడ్డారు, మీరెలా గుర్తుపట్టారు?" అని అడిగాడు.

"నాను గుర్తుపట్టలేదు బాబూ" అంది సత్యవేణమ్మ, వంగి మెట్ల దగ్గరున్న నీళ్ళసీసా తీసిస్తూ. "గుంట గుర్తుపట్టింది."